నమూనాకు దంచిన పండ్లపొడి

పొద్దున్నే వాకిలి ఊడ్చి సాన్పు చల్లిన తర్వాత శంకరవ్వకు ఇంకో పని ఉండేది. రాగి చెంబు నిండా నీళ్లు తెచ్చి అరుగు మీద పెట్టి, పక్కన మోదుగాకు ముక్కలో చిటికెడు గులాబిరంగు పండ్లపొడి ఉంచేది. భర్త రామచంద్రం లేచి వచ్చి, కాళ్లు వేలాడేసి కూర్చుని, ఎదురింటి బర్రెను చూసుకుంటూ తీరుబడిగా పళ్లు తోముకునేవాడు. ఇప్పుడు ఆమె చెంబు పెట్టడం లేదు, ఆకు తెంపడం లేదు. రామచంద్రం పోయి ఐదు నెలలయింది. శంకరవ్వ ఇంటి వెనక్కి పోయి, గోడ వైపు తిరిగి, పొయ్యి బూడిదతో గబగబా నాలుగు రుద్దులు రుద్ది పుక్కిలించి వస్తోంది. తమ గూట్లో మిగిలిన గులాబి పొడిని రేకు డబ్బాతో సహా పెంటకుప్పలో పారేసింది.

బూడిదతో తోముకోవడం ఆ ఇంట్లో నేరం. అది పండ్లపొడి ఇల్లు. హుజూరాబాదులో బస్సు దిగి "పండ్లపొడి హనుమండ్లు ఇల్లేది?" అంటే ఎవరైనా చూపిస్తారు. హనుమండ్లు రామచంద్రానికి అన్న, శంకరవ్వకు బావ. "పావని గులాబి పండ్లపొడి" అతనిదే. ప్రతి పొట్లం మీదా అతని బొమ్మ ఉంటుంది. కరీంనగర్ ప్రెస్సులో బొమ్మ గీసినవాడు ఉదారంగా నోటినిండా పళ్లు పెట్టాడు. అసలు మనిషికి పైవరుసలో నాలుగున్నాయి, కింద ఎన్నున్నాయో అతను ఎవరికీ చూపించడు. బొమ్మ కింద "దంతవైద్య శిరోమణి" అని ఉంటుంది. ఆ బిరుదు ఎవరిచ్చారని తమ్ముడు ఒకసారి అడిగితే, "ప్రెస్సాయిన జాగ మిగిలిందన్నడు. ఏదన్న రాయాలె గదా" అన్నాడు.

ఈ శిరోమణి చదువు మూడో జమాత్, అదీ ఉర్దూలో. నిజాం రాజ్యంలో రూమీ టోపీ పెట్టుకుని అత్తరు అమ్మాడు. పోలీస్ యాక్షన్ జరిగిన వారానికి తెల్ల టోపీ పెట్టుకుని అగరొత్తులు అమ్మాడు. రెండు టోపీలూ ఇప్పటికీ పెట్టెలో ఉన్నాయి, ఎందుకైనా మంచిదని. తన పొడి తన నోట్లో పెట్టుకోవడం మాత్రం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. రోజూ వేపపుల్ల నములుతూ వీధంతా ఒక చుట్టు తిరిగి వచ్చి, అప్పుడు దుకాణం తలుపు తీస్తాడు.

పోలీస్ యాక్షన్ అయిన ఏడాదే శంకరవ్వ ఆ ఇంటి కోడలయింది. ఇప్పటికి పద్దెనిమిదేళ్లు. ఈ పద్దెనిమిదేళ్లలో బావ ఎదుట ఆమె నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. ఆ ఇంటి పద్ధతి అది. బావ అరుగు మీద ఉంటే తమ్ముని భార్య తలుపు వెనక నిలబడాలి. ఆమెకు చెప్పాల్సింది అతను తన భార్య భూమవ్వతో చెబుతాడు, ఆమె మూరెడు దూరంలో నిలబడి వింటున్నా సరే. భూమవ్వ ఇంట్లో లేకపోతే గోడతో చెబుతాడు. గోడకు చెవులున్నాయో లేవో గాని, శంకరవ్వకు మాత్రం ఉన్నాయి. అన్నీ విన్నది.

పొడి మొదట మంచిదే. అది వాళ్ల అత్త చేసే పొడి. ముసలమ్మ వడ్ల ఊకను తెల్లబడేదాకా కాల్చేది. అందులో దొడ్డుప్పు, పొంగించిన పటిక, కరక్కాయ పెచ్చులు, ఎండిన తుమ్మ బెరడు, లవంగాలు కలిపి రోట్లో దంచి, పాత ధోవతి గుడ్డలో జల్లించేది. రంగు కోసం గోడలకు అలికే ఎర్ర జాజు చిటికెడు వేసేది. పళ్లనొప్పి వస్తే వాడకట్టంతా ఆమె దగ్గరికే వచ్చేది. ఆమె పోయాక హనుమండ్లు దాన్ని పొట్లాలు కట్టి జాతరల్లో అమ్మాడు. అమ్మకం పెరిగేకొద్దీ పొడిలోంచి ఒక్కొక్కటి దిగిపోయాయి. ముందు లవంగాలు పోయాయి, కర్పూరం వాసన చాలన్నాడు. తర్వాత పటిక, ఆ తర్వాత కరక్కాయ. ఊక కాల్చడం మురికి పని అని మూటలకొద్దీ సుద్ద తెప్పించాడు. చివరికి ముసలమ్మ పొడిలో మిగిలింది ఉప్పొక్కటే.

జాతరలో ఆడవాళ్లు ఆ పొడి చూసి, గోడ గీకి పొట్లం కట్టినట్టుందని నవ్వారు. హనుమండ్లు ఆలోచనలో పడ్డాడు. అతను ఆలోచించినప్పుడల్లా ఆ ఇంటికి ఏదో ఒకటి మూడింది. ఆంజనేయుడికి మంగళవారం నూనెలో కలిపి పూసే సిందూరం అతనికి గుర్తొచ్చింది. గుడి ముందు అమ్మే ఆ సిందూరమే తెచ్చి సుద్దలో కలిపాడు. తెల్లపొడి కంటికింపైన గులాబిరంగుకు తిరిగింది.

"బొట్టు వెట్టుకునేది నోట్లె వెట్టుకుంటరా?" అంది భూమవ్వ.

"దేవుని ఒంటికి వూసేది మనిషి పండ్లకు వనికిరాదా? నీ పండ్లు దేవుని కన్న పెద్దయా?" అన్నాడు హనుమండ్లు. "నా పేరింటి దేవుడు. ఆయిన వొంటి మీది రంగు. అమృతం గది."

రంగు కలిపే ప్రతి మంగళవారం కొబ్బరికాయ కొట్టి, మొదటి చిటికెడు దేవుడి పాదాల దగ్గర పెట్టి వచ్చేవాడు. ఆ తర్వాత దాన్ని ఎవరూ ఏమీ అనలేరు. దేవుడి వస్తువును వంకపెడితే కళ్లు పోతాయని వాడకట్టు ఆడవాళ్ల భయం. ఆ భయం మీదే అతని వ్యాపారం నడిచింది.

సిందూరం కలిపి జల్లించే పని రామచంద్రానిది. గాలికి పొడి ఎగిరి పోతుందని ఇంటి వెనక గది కిటికీ మూసి, తలుపు దగ్గరికి వేసి, ఎనిమిదేళ్లు జల్లించాడు. మధ్యాహ్నం బువ్వకు లేచి వచ్చేసరికి వెంట్రుకలు, కనురెప్పలు, ముక్కులోపల అంతా గులాబిరంగే. శంకరవ్వ కొంగుతో అతని చెవులు తుడిచేది.

"హనుమంతుని లెక్కున్నవు. లంకకు వోతున్నవా?" అనేది.

"లంక మా అన్నదేనే. తోకొక్కటే నాది," అనేవాడు రామచంద్రం.

ఆ మాటకు ఇద్దరూ నవ్వుకునేవాళ్లు. అన్న వినేలా నవ్వే ధైర్యం మాత్రం ఇద్దరికీ ఉండేది కాదు.

రెండేళ్ల కింద, పండ్లపొడులు చేసేవాళ్లు కూడా సర్కారు దగ్గర లైసెన్సు తీసుకోవాలని కాయిదం వచ్చింది. పొడిని హైదరాబాదులో ప్రయోగశాలలో పరీక్షిస్తారు, నమూనా పంపమన్నారు. ఆ రోజు భూమవ్వ వాళ్ల తల్లిగారింటికి పోయింది. హనుమండ్లు గోడకే చెప్పాడు.

"మా అవ్వ దంచినట్టు దంచాలె. లవంగాలు, పటిక, అన్ని వెయ్యాలె. సిందూరం వద్దు, జాజు సాలు. ఇంటికి సుట్టమొస్తె గట్క వెడ్తమా? బువ్వ వెడ్తం. సర్కారు గుడ సుట్టమే."

శంకరవ్వకు అందులో తప్పేమీ కనబడలేదు. తమకు జొన్న గట్క, చుట్టానికి వరి బువ్వ. పుట్టినప్పటి నుంచి ఆమె చూసింది అదే. చుట్టం ముందు గట్క పెడితే ఇంటి పరువు పోతుంది. పట్నంలో పెద్ద సార్లు ఆ పొడితో పళ్లు తోముకుని, బాగుందో లేదో రాస్తారనుకుంది. అందుకని పొద్దంతా దంచింది. ఒక్కసారి జల్లిస్తే చాలేది, మూడుసార్లు జల్లించింది. ఇత్తడి డబ్బాలో నింపి, మూత మీద ధూళి కూడా తుడిచి ఇచ్చింది.

సార్లు తమకు పంపిన పొడిని నిజాయితీగానే పరీక్షించారు. అందులో హాని చేసేదేమీ లేదని కాయిదం వచ్చింది. హనుమండ్లు దానికి అద్దం కట్టించి, ఆంజనేయుడి పటం పక్కన మేకు కొట్టి తగిలించాడు. పూలదండ వేశాడు. దేవుడికి చూపించిన అగరొత్తి దానికీ చూపించేవాడు. పొట్లం మీద "సర్కారు పరీక్షలో నెగ్గినది" అని కొత్త అచ్చు పడింది. లోపల మాత్రం సుద్ద, సిందూరమే.

నిరుడు వానకాలంలో రామచంద్రానికి కడుపులో మెలిపెట్టడం మొదలయింది. మోకాళ్లు కడుపుకు ముడుచుకుని నేల మీద దొర్లేవాడు. కొన్నాళ్లకు కుడి చేయి మణికట్టు దగ్గర వాలిపోయింది. జల్లెడ పట్టలేడు, ముద్ద ఎత్తలేడు.

"కల్లు బంద్ జెయ్యుమను," అన్నాడు హనుమండ్లు భార్యతో.

శంకరవ్వ తన వెండి కడియాలు ఇచ్చి, మొగుణ్ని బస్సెక్కించుకుని కరీంనగర్ పెద్దాసుపత్రికి పోయింది. డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. వాలిపోయిన చేయి చూశాడు. ఆ తర్వాత కింది పెదవి పట్టుకుని కిందికి లాగాడు. చిగుళ్ల అంచు వెంట నల్లటి నీలిరంగు గీత ఉంది, పెన్సిలుతో గీసినట్టు.

"ఏం పని చేస్తావు? ప్రెస్సులో అక్షరాలు పేరుస్తావా? రంగులు వేస్తావా?"

"లే సారూ. పండ్లపొడి జల్లిస్త."

శంకరవ్వ కొంగుముడిలోంచి పొట్లం తీసి ఇచ్చింది. డాక్టరు దాన్ని కాగితం మీద పోసి, కిటికీ దగ్గరికి తీసుకుపోయి చూశాడు.

"ఈ రంగెక్కడిది?"

"ఆంజనేయుని సిందూరం సారూ," అంది ఆమె.

డాక్టరు కాగితాన్ని పొడితో సహా మడిచాడు. "ఈ సిందూరమంటే సీసమమ్మా," అన్నాడు. "ఎనిమిదేళ్లుగా ఈయన సీసం పీలుస్తున్నాడు, పొద్దున్నే లేచి సీసంతో పళ్లు తోముకుంటున్నాడు. ఈ గీత దానిదే. ఇక ఆ గదిలోకి పోనీయకు. ఈ పొట్లం నా దగ్గరుండనీ."

పొద్దున్నే లేచి ఆకులో పొడి పెట్టింది ఎవరో డాక్టరుకు తెలియదు.

ఇంటికి వచ్చి ఆ మాట భూమవ్వ చెవిన వేసింది. భూమవ్వ హనుమండ్లుకు చెప్పింది. అతను కోపగించుకోలేదు. లేచి వెళ్లి, గోడ మీది కాయిదాన్ని అద్దంతో సహా తీసుకొచ్చి, శంకరవ్వ నిలబడ్డ తలుపు వైపు చూపించాడు.

"గీ కాయిదం సూడుమను. పట్నంల పెద్ద పెద్ద సార్లు సీసలల్ల వోసి, మంట మీద వెట్టి పరీక్ష జేసిన్రు. గా డాక్టరు పెదిమె గుంజి సూసిండు. ఎవరు పెద్ద? అడుగు."

భూమవ్వ అడగలేదు. శంకరవ్వ తలుపు సందులోంచి ఆ కాయిదం వైపు చూసింది. అది తన చేత్తో దంచిన పొడికి వచ్చిన కాయిదం. మూడుసార్లు జల్లించిన పొడికి. ఇప్పుడదే ఆమె మగని నోటికి అడ్డం పెట్టారు. ఆ సంగతి పైకి అందామని నోటిదాకా వచ్చింది. బావ ఎదురుగా ఉన్నాడు. మింగేసింది. ఆ మింగిన మాట ఈనాటికీ ఆమెకు అరగలేదు.

సంక్రాంతి వెళ్లిన వారానికి రామచంద్రానికి మూర్ఛలు వచ్చాయి. మూడో రోజు పోయాడు.

వచ్చినవాళ్లందరికీ హనుమండ్లు కళ్లొత్తుకుంటూ, "కల్లు దిన్నది నా తమ్మున్ని" అని చెప్పాడు. రామచంద్రం పుట్టినప్పటి నుంచి తాగిన కల్లంతా కలిపినా హనుమండ్లు ఒక్క దసరాకు తాగేదానికి సరిపోదు. పదోనాడు చెరువు దగ్గర తలలు గొరిగించుకుని స్నానాలు చేస్తున్న చుట్టాలకు, పళ్లు తోముకోవడానికని తలా ఒక పొట్లం పంచాడు. పొట్లం మీద నోటినిండా పళ్లతో నవ్వుతూ అతనే ఉన్నాడు.

శంకరవ్వకు పిల్లల్లేరు. పుట్టిల్లు ఆసిఫాబాద్ అవతల. అక్కడ తలుపు తీసేవాళ్లెవరూ మిగల్లేదు. ఆ ఇంట్లోనే ఒక మూల పడి ఉండి, రెండు పూటలా వండిపెడుతోంది. జల్లెడ దగ్గర రామచంద్రం కూర్చున్న చోట ఇప్పుడు కిష్టవ్వ కూర్చుంటోంది. ఆమె పక్కవాడలో మనిషి, మొగుడు బొంబాయి మిల్లులకు పోయి మళ్లీ రాలేదు. ఒకరోజు కిష్టవ్వ పొట్ట పట్టుకుని గోడకు ఆనుకుంది. శంకరవ్వ ఆమెను వెలుగులోకి తీసుకొచ్చి, డాక్టరు చేసినట్టే కింది పెదవి కిందికి లాగింది.

"ఏందక్కా, సంతల బర్రెకు పండ్లు సూసినట్టు సూస్తున్నవు?" అంది కిష్టవ్వ నవ్వుతూ.

గీత ఉంది. ఇంకా సన్నగా, దారం పోగంత.

"గా గదిలకు వోకు కిష్టవ్వా. నీకు దండం వెడ్త. మా ఆయినకు గిట్లనే మొదలైంది."

"పట్నంల పరీక్ష జేసిన్రు గదక్కా. గోడకు కాయిదమే ఉండె," అంది కిష్టవ్వ. పొట్ట మీద చేయి తీయకుండానే మళ్లీ లోపలికి పోయి కూర్చుంది.

ఆ రోజు శంకరవ్వకు ఒకటి తెలిసింది. తన మాట ఎవరూ వినరు, డాక్టరు మాట కూడా వినరు, ఊరంతా ఆ గోడ మీది కాయిదం మాటే వింటుంది. దాన్ని కిందికి దించాలంటే పట్నం నుంచి ఇంకో కాయిదమే రావాలి.

వేసవి చివరలో ఒక కార్డు వచ్చింది. కరీంనగర్ డాక్టరు తన దగ్గర పెట్టుకున్న పొట్లం గురించి పైకి రాశాడట. గురువారం పొద్దున ఇనస్పెక్టరు వస్తున్నాడు, ఈసారి నమూనా ఆయనే తీసుకుంటాడు. కార్డు చదివి హనుమండ్లు భయపడలేదు. పైపెచ్చు తల పంకించాడు. కార్డు రాసి వచ్చేవాడు చుట్టమే గదా అన్నట్టు.

"గామెకు జెప్పు," అన్నాడు భూమవ్వతో. "పోయినసారి లెక్కనే దంచాలె. మూడుసార్లు జల్లెడ వట్టాలె. గీ ఇంట్ల తినే బువ్వకు జర పని జెయ్యుమను."

బుధవారం చాటలో అన్నీ వచ్చాయి. కాల్చిన ఊక, దొడ్డుప్పు, లవంగాలు, పటిక, కరక్కాయ పెచ్చులు, తుమ్మ బెరడు, ఒక పొట్లంలో జాజు. శంకరవ్వ రోలు కడిగింది. రోకలి కడిగి గోడకు ఆనించింది. గుప్పెడు లవంగాలు రోట్లో వేసింది. అక్కడికి ఆగింది. రోటి అంచు మీద చేయి పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత లేచి వంటకు పోయింది.

సాయంత్రం భూమవ్వ వచ్చి చూసి గుండె మీద చేయి వేసుకుంది. "ఇంక దంచలేదానే చెల్లె? దంచవే. లేకుంటె నిన్ను వాకిట్లకు దొబ్బుతడు. నన్ను గుడ దొబ్బుతడు."

"నువ్వు దంచుతవా అక్కా?" అంది శంకరవ్వ.

భూమవ్వ రోట్లోకి చూసింది. రోకలి వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. మొగుడు దంచుడైందా అని అడిగినప్పుడు, "ఆమెనే ఉన్నది రోటికాడ" అని మాత్రం చెప్పింది.

గురువారం ఇనస్పెక్టరు వచ్చాడు. సన్నపాటి మనిషి, చేతిలో తోలు సంచి. హనుమండ్లు తెల్ల టోపీ పెట్టుకుని, బస్టాండ్ దాకా ఎదురుపోయి తీసుకొచ్చాడు. అరుగు మీద జంపఖానా పరిచి కూర్చోబెట్టాడు. గోడ మీది కాయిదం చూపించాడు. దండ కొత్తది.

"సంతోషం," అన్నాడు ఇనస్పెక్టరు. "పొడి చూపించండి."

"భూమా, గా ఇత్తడి డబ్బ తెమ్మను."

డబ్బా వచ్చింది. హనుమండ్లు దాన్ని రెండు చేతులతో అందుకుని, ప్రసాదంలా ముందుకు చాచి, మూత తీశాడు. లోపల అడుగు కనిపించింది, బాగా తోమిన ఇత్తడి. అతను డబ్బాను బోర్లించి చూశాడు, పొడి ఎక్కడో అంటుకుని దాక్కున్నట్టు.

"పొడేది?" అన్నాడు గోడతో.

శంకరవ్వ తలుపు దాటి గడప మీదికి వచ్చింది. కొంగు తల మీదికి లాక్కోలేదు.

"దంచలే బావా," అంది.

పద్దెనిమిదేళ్లలో మొదటి మాట. హనుమండ్లు ఆమె వైపు కాకుండా భూమవ్వ వైపు చూశాడు, ఆ మాట ఆమె తర్జుమా చేసి చెబుతుందేమోనని.

"ఏం దంచలేదమ్మా?" అన్నాడు ఇనస్పెక్టరు.

"సార్లకు పంపేటి పొడి సారూ. పోయినసారి నేనే దంచిన, గా కాయిదం దానికే వచ్చింది. అమ్మే పొడి వేరే. గది వెనకింట్ల ఉన్నది."

"పిచ్చిది సారూ," అన్నాడు హనుమండ్లు. "మొగడు వోయిన ఫికర్ల ఏదో అంటున్నది. వెనకింట్లది ఇంక తయారు గాలే. మీకు తగ్గది గాదు సారూ గది."

ఇనస్పెక్టరు అప్పటికే లేచి నడుస్తున్నాడు. వెనకింటి తలుపు తోశాడు. కిటికీ మూసి ఉంది. గులాబి ధూళిలో కిష్టవ్వ జల్లెడ పట్టుకుని కూర్చుని ఉంది, కనురెప్పలు కూడా గులాబిరంగే. గోడ వెంట వందల పొట్లాలు కట్టి పేర్చి ఉన్నాయి.

"ఇవి తయారయ్యాయి గదా," అన్నాడు ఇనస్పెక్టరు ఒక పొట్లం ఎత్తి. "మీవి కావా?"

కావని ఎట్లా అంటాడు? ప్రతి పొట్లం మీదా దంతవైద్య శిరోమణి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. అసలు శిరోమణి మాత్రం నోరు మూసుకున్నాడు.

ఇనస్పెక్టరు పొడిని మూడు వాటాలు చేసి, మూడు సీసాల్లో పోసి, లక్క కరిగించి ముద్రలు వేశాడు. ఒక సీసా హనుమండ్లు చేతిలో పెట్టి సంతకం తీసుకున్నాడు. మిగిలిన రెండూ తోలు సంచిలో పెట్టుకున్నాడు. కిష్టవ్వను బయటికి పిలిచి, పెద్దాసుపత్రికి పొమ్మని కాగితం ముక్క మీద ఏదో రాసిచ్చాడు. భోజనం చేసి పొమ్మంటే, బస్సు పదకొండింటికి ఉంది అని వెళ్లిపోయాడు.

ఆయన మలుపు తిరగ్గానే హనుమండ్లు టోపీ తీసి జంపఖానా మీద కొట్టాడు. గోడను మరిచిపోయాడు. భూమవ్వను మరిచిపోయాడు. నేరుగా శంకరవ్వతోనే అన్నాడు.

"దంచు! ఇప్పుడన్న దంచు. బస్సుకింక గంట ఉన్నది. బతిమిలాడుకోని సంచిల మారుస్త. దంచుతవా, బయటికి నడుస్తవా?"

శంకరవ్వ అతన్ని చూసింది. ఇన్నేళ్లూ తలుపు సందులోంచి చూసిన మనిషి. ఎదురుగా నిలబడి చూస్తే ఎంతో పెద్దగా ఏం లేడు. చెమటకు మీసం రంగు కారుతోంది.

ఆమె అతని పక్కనుంచే నడిచి వచ్చి, జంపఖానా ఒక చివర మడిచి, రామచంద్రం కూర్చునే చోట అరుగు మీద కాళ్లు వేలాడేసి కూర్చుంది. ఎదురింట్లో బర్రె నెమరు వేస్తోంది. దాన్ని చూస్తూ ఉండిపోయింది. లోపల చాటలో పటిక, కరక్కాయ పెచ్చులు పోసినవి పోసినట్టే ఉన్నాయి. రోట్లో గుప్పెడు లవంగాలు ఒక్కటీ నలగకుండా ఉన్నాయి. రోకలి ఆనించిన చోటే ఆనించి ఉంది.